అతికిన జాగ

నా చిన్నప్పుడు కొత్తవాడలోని మా ఇంట్లో ‘బాగుంది’ అన్న మాటను ఊరికే నమ్మేవాళ్లు కాదు. జంపఖానాలు నేసే మా తాతయ్యను “ఎట్లుందే?” అని అడిగితే చాలు, “తడిమి చెప్త” అనేవాడు. కళ్లతో చూసి మెచ్చుకునేవాళ్లంటే ఆయనకు ఒళ్లుమంట.

ఒకరోజు నేసిన జంపఖానాను ఎలుక కొరికింది. తాతయ్య నాకు సూది, దారం ఇచ్చి, “ఎన్ని పోగులు తెగినయో అన్నే వెయ్యి బిడ్డా” అని బయటికి పోయాడు. నాకు అనుమానం వచ్చింది. ఈ ముసలాయన నూలు దాచుకోవడానికే లెక్క చెబుతున్నాడనుకున్నాను. గట్టిగా ఉండాలని రెండింతలు వేశాను. చిల్లు జాడే లేకుండా నిండింది. నా అంత పనిమంతురాలు లేదని మురిసిపోయాను.

తాతయ్య వచ్చి కళ్లు మూసుకుని అరచేత్తో తడిమాడు. సరిగ్గా అక్కడే చెయ్యి ఆగింది. నన్నూ కళ్లు మూసుకోమని, నా చేతిని అక్కడ పెట్టాడు. గడ్డ! నేను కుక్కిన పోగులు చుట్టూ ఉన్న మంచి పోగులను కూడా ఇరికించేశాయి.

“చినిగిన జాగ మొత్తుకుంటది. అతికిన జాగ నోరు మూసుకుంటది. అనుమానం దీని మీద ఉండాలె,” అన్నాడు. తిట్టలేదు. కానీ పొద్దుగూకేదాకా కూర్చోబెట్టి ఆ పోగులన్నీ నాతోనే ఊడదీయించాడు. ఏడ్చుకుంటూనే ఊడదీశాను.

అరవై దాటాక నా గుండె పాడైతే, కన్నుమూసిన ఎవరో పుణ్యాత్ముల గుండెను నాకు పెట్టారు. అప్పటి నుంచి ఏటా గుండె రక్తనాళాల్లోకి సన్నని గొట్టం పంపి చూస్తారు. ఈ ఏడు నేను మొండికేశాను. మెట్లెక్కుతున్నాను, ఆయాసం లేదు, నొప్పి లేదు. దవాఖానవాళ్లు ఊకె సూదులు పొడవడానికే పిలుస్తున్నారని నా అనుమానం. మా బిడ్డ కూడా “ఏం నొస్తలేదు కదమ్మా, జర ఆగి పోదాం తియ్యి” అంది.

డాక్టరమ్మ మాత్రం వదల్లేదు. “పెట్టిన గుండెకు నొప్పి తెలిపే నరాలు తెగిపోయి ఉంటయమ్మా. నాళం మూసుకపోతున్నా చానామందికి నొప్పి తెల్వది,” అంది. ఒళ్లు ఆ గుండెను పరాయిదనుకుని నాళాల లోపలి పొరను గాయపరుస్తుందట. మళ్లీ ఆ గాయాన్ని మాన్పడానికి, నాళాలను పెంచే పదార్థాలను తానే పుట్టిస్తుందట. మంచివే, కానీ అవి మితిమీరితే గోడ లోపలికి మందమై, నెత్తురు పోయే దారి ఇరుకవుతుందట.

నాకు నవ్వాగలేదు. డాక్టరమ్మ బిత్తరపోయింది. నవ్వక ఏం చేయను? రెండింతలు పోగులు కుక్కిన ఆ పిల్ల ఇంకా నా ఒంట్లోనే ఉంది! మరుక్షణం భయమేసింది. నోరు మూసుకుని కూర్చున్న ఆ గుండె మీద మొదటిసారి అనుమానం కలిగింది.

“రేపే చెయ్యిండ్రి,” అన్నాను.

ఒక నాళం మందం కావడం మొదలైందని పరీక్షలో తేలింది. తొందరగా దొరికింది కాబట్టి మందులు మార్చారు. ఇంకో ఏడాది ఆగి ఉంటే ఏమయ్యేదోనని మా బిడ్డ ఇప్పటికీ ఏడుస్తుంది.

పక్కింటి అక్క రోజూ గోడ మీదుగా “పానం బాగున్నదా?” అని పలకరిస్తుంది. నొప్పేమీ లేదు. అయినా ‘బాగుంది’ అన్న మాట నా నోట రాదు. ఛాతీ మీద అరచెయ్యి పెట్టుకుని, “తడిమి చెప్త అక్కా” అంటాను.