గుమ్మంలో బొద్దు అక్షరాలు

ఈ రోజు పొద్దున మా బిడ్డ, మా తాండూరు దుకాణానికి ఉన్న ఒక్క గుమ్మంలో నేల నిండా నాపరాయి చదరపు ముక్కలు పొదిగి ‘రండి’ అని రాసింది. గుండ్రటి అక్షరాలు చదరాల అంచులతో మెట్లుమెట్లుగా, బొద్దుగా ఎంత ముద్దొచ్చాయో! సిమెంటు ఆరేదాకా నేను లోపలే చిక్కుబడ్డాను, చాయ్ కూడా కిటికీలోంచే అందుకున్నాను. సాయంత్రం తను పిలిచింది.

"ఆరింది నాయినా, ఇగ బయటికి రా."

"అక్షరాల మీద కాలెట్ల పెడ్తనే? సరస్వతి గదా!"

"అయ్యో! మరి గిరాకీ లోపలికెట్ల వస్తది?" అని చిన్నబుచ్చుకుని ఉలి అందుకుంది.

"ముట్టుకున్నవంటే చూడు! రాత్రికి నేనీడనే పంట," అన్నాను.

దూకుదామంటే మోకాళ్లు ఒప్పుకోవు. ఇంకా లోపలే కూర్చుని పట్టరాని సంతోషంతో ఇది రాస్తున్నాను. రేపు పక్కగోడ పగలగొట్టించి ఇంకో వాకిలి పెట్టిస్తాను. మీరైతే ఆ అక్షరాలను తొక్కగలరా, చెప్పండి?