ఆ చేమాకు నర్సమ్మత్త కోయలేదు

నిన్న పొద్దున్న స్కూలుకి రెడీ అవుతుంటే రమణ ఫోన్. నర్సమ్మత్త కొడుకు.

"అమ్మ ఎల్లిపోనాది టీచరమ్మా. పెరట్లో తోటకూరకి నీళ్లు పోస్తూ పడిపోనాది. ఆస్పత్రికి తీసుకెల్లేలోపే..."

తర్వాత ఏం చెప్పాడో వినపడలేదు.

ఏడుపు రాలేదు. మొదట ఏం అనిపించిందో రాస్తే మీరు నన్ను అసహ్యించుకుంటారు.

"ఇంక ఎవరికీ తెలీదు" అనిపించింది.

ఆ మాట నా బుర్రలోకి వచ్చినందుకు నిన్నటి నుంచి నాకు నేనంటేనే భయంగా ఉంది.

అత్త గురించి తెలియని ఫ్రెండ్స్ కోసం: ఒడిశాలో గిరిసోల దగ్గర మా స్కూల్లో మధ్యాహ్న భోజనం వండేది. నేను అక్కడ టీచర్‌ని. చుట్టరికం ఏమీ లేదు, కానీ మొదటి రోజు నుంచీ అత్తే.

మాది బరంపురంలో కిరాణా కొట్టు. నాకు కూర అంటే సంచిలో ఇంటికొచ్చేది. అలాంటిదాన్ని పిల్లల చేత స్కూల్లో కూరల తోట వేయిస్తానని బయల్దేరాను. నా గొప్పే గొప్ప!

మొదటి నెలలోనే అత్త నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వి నవ్వి,

"ఏటమ్మా టీచరమ్మా, గోంగూర పీకీసి గడ్డికి నీళ్లు పోస్తన్నావేటి?" అంది.

ఆ రోజు నుంచి తోటకి అసలు టీచర్ ఆవిడే. పిల్లల కళ్లు మూయించి, ఆకు నలిపి ముక్కు దగ్గర పెట్టేది. మునగా, బచ్చలా, గోంగూరా చెప్పాలి. సరిగ్గా చెప్పినవాళ్లకే కోసే చాన్స్. పేకెట్ చిప్స్ తప్ప ఏదీ ముట్టని మమత అనే పిల్ల, చివరికి వాళ్లమ్మతో పోట్లాడి ఇంట్లో మునగాకు వండించుకుంది.

అత్తకి ఒక రూల్ ఉండేది. తను చూడని ఆకు కుండలో పడకూడదు. వండాక ముందు తను తిని కాసేపు కూర్చునేది. ఆ తర్వాత నేను రుచి చూసి రిజిస్టర్లో సంతకం పెట్టాలి. అప్పుడే పిల్లలకి వడ్డన.

మూడేళ్ల కిందట. మార్గశిర లక్ష్మివారం.

అత్త ఇంట్లో పూజ చేసుకుని లేటుగా వచ్చింది. ఆ రోజే బ్లాక్ ఆఫీస్ నుంచి సార్ తోట చూడ్డానికి వస్తున్నారు. మా తోటలో చేమాకు ఇంకా చిన్నగా ఉంది. స్కూలు వెనక కాలవ గట్టున మాత్రం పెద్ద పెద్ద ఆకులు నిగనిగలాడుతున్నాయి. అన్నీ చేమే కదా అనుకున్నాను. నేనే కోసి, తరిగి, పప్పులో వేసేశాను.

అత్త వచ్చి కుండలోకి చూసింది.

"ఈ ఆకెక్కడిదమ్మా?"

"మన తోటలోదే అత్తా."

ఎందుకు అబద్ధం చెప్పాను? రూల్ తప్పానని తిడుతుందని. అంతే. ఇంత చిన్నదానికి.

"నువ్వు సెప్పినావు కదా, సాలు. నాకు ఉపాసం, ఇయ్యాల నువ్వే రుసి సూడు" అంది.

అప్పుడే సార్ బండి వచ్చింది. రుచి చూడకుండానే సంతకం పెట్టి గేటు దగ్గరికి పరిగెత్తాను.

వడ్డించిన కాసేపటికే ముందు మమత ఏడ్చింది. గొంతులో సూదులు గుచ్చుతున్నాయంది. తర్వాత పక్కపిల్ల. తర్వాత వరసంతా. కాలవ గట్టున ఉన్నది దురద చేమ.

పెదాలు వాచిపోతున్నాయి. నాలుకలు బయటపెట్టి గోక్కుంటున్నారు. ఒక్క పిల్లకి ఏమైనా అయితే? బుర్రలో అదొక్కటే.

అత్త ఆ ఉపవాసంతోనే చింతపండు పిసికి అందరి చేతా పుక్కిలి పట్టించింది. ఆటోలు పిలిచి ఆస్పత్రికి తీసుకెళ్లింది. దేవుడి దయ, సాయంత్రానికి అందరూ బాగానే ఉన్నారు.

తల్లులు గేటు దగ్గరికి వచ్చేశారు. ఈ ఆకు కోసిందెవరు అని ఒకటే అరుపులు.

నేను నోరు తెరిచాను. మాట రాలేదు.

అత్త నా వైపు ఒక్కసారి చూసింది.

"నేనే కోసినాను. కళ్లు సరిగ్గా ఆనలేదు" అంది.

ఆవిడ పని పోయింది.

మర్నాడు వాళ్లింటికెళ్లి కాళ్ల దగ్గర కూర్చుని ఏడిస్తే, "తప్పు నీదని తెలిస్తే నిన్ను తీసీసి తోట తవ్వీస్తారు. పిల్లలు మళ్లీ ఆ పేకెట్లే తింటారు. నాదంటే నేనొక్కదాన్నే ఎల్తాను, తోట ఉంటాది. ఊరుకో" అంది.

ఊరుకున్నాను. మూడేళ్లు ఊరుకున్నాను.

హెడ్‌మాస్టర్ గారు పిలిస్తే భయం. రమణ రోడ్డు మీద ఎదురైతే భయం. అత్తని లోపలికి రానివ్వకపోయినా, రోజూ వచ్చి గేటు బయట నిలబడి, పిల్లలు కోసిన ఆకులన్నీ చూసి పంపేది. ఆవిడ కళ్లలోకి చూడాలంటే అన్నిటికన్నా భయం.

నిన్న సాయంత్రం పాడె ఎత్తుతుంటే వెనక ఎవరో "దురద కూర నర్సమ్మే కదా" అన్నారు. ఇద్దరు నవ్వారు. రమణ తల దించుకున్నాడు.

నేను అక్కడే ఉన్నాను. అప్పుడు కూడా నోరు మెదపలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆకు కోసింది నేను. అబద్ధం చెప్పింది నేను. రుచి చూడకుండా సంతకం పెట్టింది నేను.

రెండుసార్లు మొత్తం డిలీట్ చేసి మళ్లీ టైప్ చేశాను. ఉద్యోగం పోతుందేమో. మమత వాళ్లమ్మ నా మొహాన ఉమ్మేస్తుందేమో. ఉమ్మితే తుడుచుకుంటాను.

ఆ తల్లుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. రేపు ప్రేయర్‌కి వాళ్లని పిలిచి, ఇదంతా ఒడియాలో చెప్తాను. చెప్పి ఒక్కటే అడుగుతాను. తీసేస్తే నన్ను తీసేయండి, తోట జోలికి వెళ్లకండి.

రమణా, మీ అమ్మ ఏ తప్పూ చేయలేదు. ఇంక తల దించుకోకు.

అత్తా, ఆ నింద నాది. నాకిచ్చేసి వెళ్లు.

ఇకనైనా ఎవరి తప్పూ మొయ్యకుండా నిశ్చింతగా పడుకో.