పచ్చబల్లికి గోడబల్లి సాక్ష్యం

ఆ రోజుల్లో నాకున్నవి రెండే ఆస్తులు: జువాలజీ డిగ్రీ, ఎవరితోనైనా వాదించగల గొంతు. మొదటిది చైతన్యపురి కోచింగ్ సెంటర్‌లో ఉద్యోగం ఇప్పించింది. రెండోది అప్పటికే రెండు కిరాయి గదులు ఖాళీ చేయించింది. మూడో గది మన్సూరాబాద్‌లో దొరికింది. నల్గొండ పల్లె నుంచి వచ్చిన ఓనరమ్మది నాకంటే పెద్ద గొంతు. ఇద్దరం హాయిగా దెబ్బలాడుకుంటుండగా, దిల్‌సుఖ్‌నగర్‌లో రంగుచేపలు అమ్మే మా మేనమామ ఒక గాజుపెట్టె తెచ్చి నా నెత్తిన పెట్టాడు. ఎవరో బదిలీ మీద పోతూ ఆయనకు అంటగట్టిన బల్లుల జంట. "చదివినవు గదా, నువ్వే సూస్కో," అని చేతులు దులుపుకున్నాడు.

మామూలు బల్లులు కావవి. చిలకపచ్చ ఒళ్ళు, వీపు మీద కుంకుమ చల్లినట్టు ఎర్రచుక్కలు. ఎక్కడో సముద్రదీవుల్లో అరటిచెట్ల మీద పట్టపగలే తిరిగే జాతి. రెప్పలుండవు కనుక నాలుకతోనే కళ్ళు తుడుచుకుంటాయి. (మొదటిరోజే ఓనరమ్మ వాటిని సిగ్గూశరం లేనివని తేల్చేసింది.) పెట్టెలో వెదురు బొంగులు నిలబెట్టి, పూటపూటా నీళ్ళు చిలకరించి, అరటిపండు మెత్తగా నలిపి పెట్టాను, నేను మాత్రం ఉప్మాతో సరిపెట్టుకున్నాను. ఆ సేవ ఫలించి ఒకరోజు బొంగులో శనగగింజలంత రెండు తెల్లటి గుడ్లు, ఒకదానికొకటి అతుక్కుని కనిపించాయి. ఆనందం పట్టలేక ఓనరమ్మను పిలిచాను.

ఆమె చూసింది, తల్లిబల్లి గుడ్లను వదిలేసి ఎండ కాగుతుండడమూ చూసింది. పొదగని గుడ్లు మురుగుతాయి, మురిగిన గుడ్లు ఇంట్లో ఉంటే అరిష్టం, వాటినన్నా పారెయ్యి లేదా గదన్నా ఖాళీ చెయ్యి అంది. బల్లులు పొదగవనీ, గది వెచ్చదనమే చాలనీ పాఠం మొదలుపెట్టాను.

"పొదగకుంట పిల్లలెట్లయితయే? ఇన్నేండ్లు కోళ్ళను సాదినదాన్ని, నాకే చెప్తవా?"

"నీ ఇంట్లనే, నీ కండ్ల ముంగటనే అయితయి సూడమ్మా," అన్నాను.

సరిగ్గా అప్పుడే ట్యూబ్‌లైట్ వెనక గోడబల్లి టిక్‌టిక్‌మంది. ఓనరమ్మ వేలు దానంతటదే తలుపును తట్టింది, నోరు "సత్తెం" అనేసింది. (బల్లి అరుపంటే ఇంకో బల్లిని అదిలించడమేనని ఆ పొద్దునే క్లాసులో చెప్పివచ్చాను. మళ్ళీ చెప్పాల్సిన అవసరం కనిపించలేదు.) "బల్లి గూడ నీ దిక్కే," అని గొణిగి వెళ్ళిపోయింది.

వారాలు గడిచాయి. నాకు లోపల గుబులే. ఇంకో గది వెతుక్కునే ఓపిక లేదు, ఆ గుడ్లను పారేసే గుండె అంతకన్నా లేదు. ఓనరమ్మ రోజూ వచ్చి, బొంగులోకి తొంగిచూసి పోయేది. చివరికి ఒక ఉదయం నన్ను లేపింది ఆమే. పెట్టె గాజు మీద అగ్గిపుల్లంత గోధుమరంగు పిల్ల, కొత్త నాలుకతో కన్ను తుడుచుకుంటోంది. గది ఖాళీ మాట ఆ ఇంట్లో మళ్ళీ వినిపించలేదు. ఓనరమ్మ మాత్రం గల్లీ అంతా తిరిగి, ముందుగా సత్తెమన్నది తానేనని చెప్పుకుంది. గెలిచినదాన్ని, పోనీలే అనుకున్నాను.

ఇప్పుడు ఎల్బీనగర్‌లో సొంత ఫ్లాట్. వాదనకు మా ఆయన ఉన్నాడు. కిరాయి గదిలో ఓనరమ్మతో దెబ్బలాడిన ఆ మొండిపిల్ల అప్పట్లో తెలియకుండానే గోడబల్లిని సాక్షిగా సంపాదించింది. ఇప్పటి నేను మాత్రం నోరు తెరిచే ముందు ట్యూబ్‌లైట్ వెనక ఒకసారి చూసుకుంటాను, మనవాళ్ళెవరైనా ఉన్నారేమోనని.