గుత్తి కొస పండు

మా మేడమ్‌కి ఏదీ ఒక పట్టాన నచ్చదు. కూతురి పెళ్లికి వచ్చే ఆడవాళ్లకు ఇవ్వాల్సిన ద్రాక్షరసం కోసం ఆ వేసవిలో నన్ను వెంటేసుకుని మూడు తోటలు తిరిగింది. సౌదీలో పెళ్లిళ్లలో మద్యం మాటే లేదు కాబట్టి మర్యాదంతా ఆ రసంలోనే ఉంటుంది. దుకాణంలో దొరికే సీసాలు పెడితే పరువు పోతుందట. తోటకు వెళ్లి, పండు తిని చూసి, ఇంట్లో పిండించిన రసమే పొయ్యాలట. పిండేది ఎవరు? నేనే.

రియాద్‌లో ఆ ఇంట్లో పనికి చేరి అప్పటికి మూడేళ్లయింది. మాది హిందూపురం దగ్గర పల్లె. ఆ నెలలోనే మా ఊళ్లో నా చిన్నకొడుకు పెళ్లి. వెంటనే ఆషాఢం వస్తుంది కనుక ముహూర్తం జరపడానికి లేదు. మేడమ్‌కి రెండు నెలల ముందే చెప్పుకున్నాను. ఆమె కాదనలేదు. రసం పని ముగించి ఫ్రీజర్లో పెట్టి వెళ్లు, మా పెళ్లికల్లా తిరిగి వచ్చెయ్ అంది. వెళ్లి రావడానికి కావాల్సిన ఖురూజ్ అనుమతి ఆమె భర్త ఫోన్‌లో ఒక్క వేలు నొక్కితే వస్తుంది. రసం కానిదే ఆ వేలు కదలదు.

మొదటి తోటలో పండు రంగు తక్కువంది. రెండో తోటలో పండు బాగుందిగానీ తోటవాడు మర్యాదగా మాట్లాడలేదంది. ద్రాక్షపండుకూ వాడి మాటకూ ఏం సంబంధమో నాకైతే అంతుపట్టలేదు. ఒక్కో తోటకూ మధ్య వారం గడిచిపోయింది. నేను లోపల ఉడికిపోతూ పైకి తల ఊపుతూ కూర్చున్నాను.

మూడోది అల్ ఖర్జ్ అవతల. అక్కడికి బయల్దేరిన రోజుకు మావాడి పెళ్లి ఇంకా ఎనిమిది రోజులుంది. ఆ రోజు పళ్లు కోస్తే రెండు రోజుల్లో పిండేసి, మూడో రోజు విమానం ఎక్కొచ్చు. కారు నడిపే అతనిది జగిత్యాల వైపు, నన్ను అక్కా అంటాడు. మేడమ్‌కి తెలుగు రాదన్న ధీమాతో దారంతా సణిగాడు.

“మా దిక్కు పెండ్లయితే ఈ తిప్పలుంటయా అక్కా? నాలుగు పెట్టెలు దింపితే అయిపాయె. ఏ తోటల పండిందని ఎవ్వడడుగడు.”

నవ్వొచ్చింది, కానీ మేడమ్ పక్కనే ఉందని ఆపుకున్నాను.

తోటలో పనివాడు గుత్తి పైభాగం నుంచి నాలుగు పళ్లు తుంచి ఆమె చేతిలో పెట్టాడు. ఆమె తిన్నది. బాగుందన్నట్టు తల ఊపింది. నా ప్రాణం లేచి వచ్చింది. అంతటితో వదిలేస్తే ఆమె మేడమ్ ఎందుకవుతుంది? గుత్తి నా చేతికిచ్చి, నువ్వూ తిని చెప్పు అంది.

సౌదీకి వెళ్లకముందు ఎనిమిదేళ్లు చిక్కబళ్లాపురం వైపు ద్రాక్షతోటల్లో కూలి చేశాను. గుత్తి పైన ఉన్న పండు ముందు తీపెక్కుతుంది, కొస పండు ఆఖరున. అందుకే కొస పండు తిని చూడకుండా గుత్తి కొయ్యకూడదని అక్కడి మేస్త్రీ తిట్టి మరీ నేర్పాడు. నా చెయ్యి దానంతటదే కొసకు పోయింది. కొరికితే పులుపుకు పళ్లు జివ్వుమన్నాయి.

బాగుంది అని ఒక్క మాట అంటే సరిపోయేది. అనలేదు. ఆ ఇంట్లో మూడేళ్లుగా కూరలో ఉప్పు సంగతి తప్ప నన్నెవరూ ఏమీ అడగలేదు. ఇప్పుడొకరు నన్ను అడిగారు, అదీ నాకు తెలిసిన సంగతి. వచ్చీరాని అరబీలో గడగడా చెప్పేశాను. ఇప్పుడు కోస్తే రసం గొంతు పట్టేస్తుంది, ఇంకో పది రోజులు తీగ మీదే ఉండాలి అన్నాను. అంతటితో ఆగానా? కొస పండు తుంచి ఆమె చేత కూడా తినిపించాను. ఆమె ముఖం ముడుచుకుపోయింది. తర్వాత నా వైపు చూసిన చూపులో గౌరవం ఉంది. అబద్ధమెందుకు, ఆ చూపుకు పొంగిపోయాను.

పెద్దరోడ్డు ఎక్కేదాకా ఆ సంతోషంలోనే ఉన్నాను. కారు నడిపే అతను అద్దంలో నన్ను చూసి మెల్లగా అన్నాడు.

“పది రోజులంటివి గద అక్కా. మరి నీ కొడుకు పెండ్లి?”

వేళ్లు మడిచి రోజులు లెక్కపెట్టాను. ఎనిమిదో వేలి దగ్గరే ఆగిపోయాను.

ఆ సాయంత్రమే మేడమ్ కాళ్లావేళ్లా పడ్డాను. ఇప్పుడు వెళ్లి పది రోజుల్లో వచ్చేస్తానన్నాను. ఆమె కోప్పడలేదు. పండు ఎప్పుడు పండుతుందో నీకే తెలుసు, నువ్వు లేకుండా నేనెలా కోయించను అంది. ఆమె మాటలో తప్పు పట్టడానికి లేదు. ఆమె మీద రావాల్సిన కోపం తిరిగి తిరిగి నా నోటి మీదికే వచ్చింది.

మర్నాడు కొడుకు ఫోన్ చేశాడు.

“అమ్మా, నలుగు పెట్టేది మా అమ్మే అని అందరికీ చెప్పినాను. వస్తాండావా, లేదా?”

“మేడమ్ పంపీలేదు నాయనా,” అన్నాను.

నలుగు మా తోడికోడలు పెట్టింది. వంటింట్లో గిన్నెకు ఆనించిన ఫోన్‌లో చూశాను. వాడు రెండుసార్లు ఫోన్ వైపు చూసి తల దించుకున్నాడు. పెళ్లయిన మూడో రోజు మేడమ్ నన్ను మళ్లీ ఆ తోటకు తీసుకెళ్లింది. కొస పండు తిన్నాను. తీపిగా ఉంది. పళ్లు కోయించి ఇంటికి తెచ్చి, రెండు రోజులు నిలబడి పిండాను.

మేడమ్ కూతురి పెళ్లిలో ఆడవాళ్లంతా రసం మెచ్చుకున్నారు. మేడమ్ నన్ను పిలిచి, ఇదంతా ఈమె చలవే అని అందరికీ చూపించి, తన చేత్తో గ్లాసు ఇచ్చింది. తాగాను. ఎక్కడా పులుపు లేదు. కాస్త పుల్లగా ఉన్నా బాగుండునని ఎంత కోరుకున్నానో నాకే తెలుసు.

ఇంటికి తిరిగొచ్చేసి రెండేళ్లయింది. పెళ్లి ఫొటోలు బయటికి తీసినప్పుడల్లా మావాడు ఆ మేడమ్‌ని తిడతాడు. అది మనిషి కాదమ్మా, కన్నతల్లిని కొడుకు పెండ్లికి పంపీలేదు అంటాడు. కోడలు నా వైపు జాలిగా చూస్తుంది. పది రోజులు అన్నది నేనేనని ఇప్పటికీ వాడికి చెప్పలేదు.