కలుపు తీసిన చదరం

పెంచలయ్య సార్ పరమపదించారన్న వార్త, తోటపల్లి గూడూరులో రొయ్యల చెరువు గట్టు మీద ఉండగా ఫోనులో వచ్చింది. దిగ్భ్రాంతి చెందానని రాయడం మర్యాద. నిజానికి నేను "ఏ పెంచలయ్య?" అన్నాను. మా జిల్లాలో వీధికి ఇద్దరుంటారు. "మన బాటనీ సార్ రా" అన్నాడు నా సహాధ్యాయి. గట్టు మీదే కూలబడ్డాను. ఎండ వల్లేనని సరిపెట్టుకున్నాను.

ఉద్యోగ విరమణ చేసి విశ్రమించవలసిన వయసులో ఆయన ఏటా వానలు తగ్గాక పాత శిష్యులను పోగేసి వెలిగొండలెక్కేవారు. సముద్రతీరవాసికి కొండమొక్కల మీద అంత మమకారమెందుకని ఎవరూ అడగలేదు. అడిగితే వెంట తీసుకెళ్తారని భయం. ఒకానొక అరుదైన చిరుమొక్క ఏ వాలులో విరివిగా మొలుస్తుంది, ఏ వాలులో అసలుండదు, ఎందుకు? అదే ఆయన జీవితకాల జిజ్ఞాస. మీటరు చదరంగా తాడు పరిచి, అందులోని మొక్కలను లెక్కించి, మన్ను లోతును స్వెట్టరు అల్లే సూదితో కొలిచేవారు. "మొక్కను చూడబాకండ్రా, అది నిలబడిన చోటు చూడండి" అనేవారు. మేం నీడ ఎక్కడుందో చూసేవాళ్లం.

ఒక ఏడాది, అన్నిటికన్నా దట్టంగా మొలిచిన చదరాన్ని నాకప్పగించి పై వాలుకు వెళ్లారు. మాది వరి పండించే ఇల్లు. మొక్కల మధ్య గడ్డి కనబడితే చేయి ఊరుకోదు. ఆయన దిగి వచ్చేసరికి అంతా పీకి పక్కన కుప్ప పెట్టాను.

"ఏందిరా ఇది?"

"కలుపు సార్. బలమంతా లాగేస్తా ఉంటే తీసినా."

"మడిలో తీసినట్టే తీసినావు. మీ నాయన చూస్తే మురిసిపోతాడు."

కోప్పడలేదు. కోప్పడి ఉంటే తేలికగా ఉండేది. ఎండ తగలకుండా కాచి, మంచు తడిని పట్టి ఆ మొక్కను బతికిస్తున్నది ఆ గడ్డేనని చెప్పి, రాతి మీద కూర్చుండిపోయారు. మరుసటి ఏడు ఆ చదరంలో ఒక్క మొక్కా లేదు. నోటుపుస్తకంలో కారణం "గడ్డి తొలగింపు" అని రాశారు. ఎవరు తొలగించారో రాయలేదు. వృక్షశాస్త్రంలో నా పేరు నిలిచే ఏకైక అవకాశం అలా పోయింది.

తరువాతి సంవత్సరాల్లో గడ్డి తిరిగి పెరిగింది. మొక్క రాలేదు. "వస్తాదిలే. మన్నులో విత్తనం ఉండాది. తొందర మనకే గానీ దానికి లేదు" అనేవారు, మోకాళ్లు పట్టుకుని, ఆయాసపడుతూ. నేను ఏటా వెళ్లింది భక్తితో కాదు. తప్పు చేసిన చోటు మనిషిని ఊరికే ఉండనివ్వదు.

కర్మకాండ ముగిశాక సార్ భార్య ఆయన నోటుపుస్తకం నా చేతిలో పెట్టారు. "ఆ చదరంలో ఏమన్నా మొలిచిందేమోనని చివరిదాకా అడగతానే ఉన్నారు. పోయి చూసిరా నాయనా" అన్నారు.

మొన్న ఒక్కడినే వెళ్లి తాడు పరిచాను. గడ్డి మొదళ్లలో రెండాకుల మొలకలు కొన్ని కనబడ్డాయి. అవి ఆ మొక్కవో, మరే పిచ్చిమొక్కవో మొలకగా ఉన్నప్పుడే పోల్చగల మనిషి నాకు తెలిసి ఒక్కరే. ఆ ఒక్కరూ లేరు. చాలాసేపు మోకాళ్ల మీద వంగి చూశాను. ఏం రాయాలో తెలియక నోటుపుస్తకంలో ఈ ఏటి గడిని ఖాళీగా వదిలేశాను. ఒక్క మొలకనూ ముట్టుకోలేదు. గురువుగారికి నేను సమర్పించగలిగిన శ్రద్ధాంజలి అంతే.