ఆకుసంపెంగకి పాములొస్తాయట

పూణెలో మీ ఇంటి వెనక కూర్చోడానికి కాస్త చోటు చేసుకున్నారట, వాసనొచ్చే మొక్కలు ఏం పెట్టాలో చెప్పమన్నారు. సంతోషంరా పిల్లలూ. ముందు ఎండ ఎంతసేపు పడుతుందో చూసుకోండి. పొద్దంతా ఎండుంటే మల్లె పెట్టండి. గోడుంటే సన్నజాజి పాకించండి. కూర్చునే చోట కుండీలో మరువం ఒక్కటి చాలు, చెయ్యి తగిలితే ఘుమ్మంటుంది. కనకాంబరం మాత్రం వద్దు. చూడ్డానికే అది, వాసనుండదు.

ఇంతవరకూ బానే ఉంది. చివర్లో ఓ మాటన్నావు చూడు అమ్మడూ, "పెద్దమ్మమ్మ ఆకుసంపెంగ అంటు కట్టి ఇస్తానంది, తెచ్చుకోనా?" అని. అప్పట్నుంచీ నా మనసు మనసులో లేదు. మా అక్క మంచిదే. మీకు జంతికలు చేసి పంపుతుంది. కానీ ఆ మొక్క సంగతి మీకు తెలియాలి.

అది మా అమ్మ పెంచిన మొక్క. పువ్వు ఆకు రంగులోనే ఉంటుంది, కళ్ళతో వెతికితే దొరకదు. పండిందంటే మాత్రం పనసపండు కోసినట్టు వాసన. కొమ్మకి మట్టి కట్టి వేళ్ళు తెప్పించి అమ్మ ఒకే ఒక్క అంటు చేసింది, అది నాకిచ్చింది. అక్కకి అప్పటికింకా సొంత పెరడు లేదు మరి. బెజవాడలో మా ఇంటి వెనక కుళాయి పక్కన పెట్టుకున్నా. రెండేళ్ళకి మొదటి మొగ్గలేసింది.

సరిగ్గా అప్పుడే మీ అమ్మ మీ ఇద్దర్నీ తీసుకొచ్చి మా ఇంట్లో ఉంది. చిన్నోడు దోగాడుతున్నాడు. వాణ్ణి చూడ్డానికి అక్క ఉయ్యూరు నుంచి వచ్చింది. పెరట్లో అడుగు పెట్టి గుండెల మీద చెయ్యేసుకుంది.

"ఒసేయ్, బుద్ధుందా నీకు? దోగాడే పిల్లాణ్ణి పెట్టుకుని ఆకుసంపెంగ పెంచుతావా? పాములొస్తాయే!"

"అమ్మ పెరట్లో ఎప్పుడూ రాలేదుగా అక్కా?"

"వచ్చాయి. నువ్వు చిన్నదానివి, నీకేం తెలుసు."

పెద్దది కదా, నమ్మాను. మర్నాడు పొద్దున్నే మనిషిని పిలిపించి తవ్వించాం. అక్క పక్కనే నిలబడి, "వేళ్ళు తెగకుండా తియ్యవయ్యా, ముక్క మిగిలినా మళ్ళీ మొలుస్తుంది" అంటూనే ఉంది. మట్టిగడ్డతో సహా తడి గోనెలో చుట్టించింది. "దారిలో కాలవ గట్టున పడేస్తాలే, నువ్వు చూస్తే ఏడుస్తావు" అని ఆటోలో పెట్టుకుని వెళ్ళింది. నేను నిజంగానే ఏడ్చా. పారేసే మొక్కకి తడి గోనె ఎందుకని మాత్రం తట్టలేదు.

రెండేళ్ళ తరవాత వాళ్ళింట్లో వ్రతానికి వెళ్ళాను. భోజనమయ్యాక చెయ్యి కడుక్కోడానికి పెరట్లోకి వెళ్తే అదే వాసన. నా ముక్కు నేనే నమ్మలేక, "పనసపండు కోశారా?" అని అక్క కోడల్నడిగా.

"లేదు చిన్నత్తయ్యా, ఆకుసంపెంగ. మా అత్తయ్యగారు బెజవాడ నుంచి తెచ్చుకున్నారుగా, మీకు తెలీదా?"

అక్క వెనకే వచ్చింది. తన మొహంలోకి చూశాను.

"పాములు రాలేదా అక్కా?"

"మాకు పిల్లి ఉందిగా" అంది.

అంతే. లోపలికి తీసుకెళ్ళి, బొట్టు పెట్టి తాంబూలం ఇచ్చింది. తీసుకున్నా. మళ్ళీ ఆ మాట ఇద్దరం ఎత్తలేదు. ఒక్క మాట అడిగుంటే నేనే అంటు కట్టి ఇచ్చేదాన్ని కదరా! పసివాణ్ణి చూపించి భయపెట్టి పట్టుకెళ్ళింది. అది మాత్రం ఇన్నేళ్ళైనా మింగుడుపడదు.

తెచ్చుకోనా అన్నావు. తెచ్చుకో. అది మా అమ్మ మొక్క, వద్దనడానికి నాకు నోరు రాదు. కాకపోతే ఒకటి కాదు, రెండు కట్టమను. రెండోది ఎవరికే అంటుంది. మా అమ్మమ్మకి అని చెప్పు. అమ్మమ్మ ఇంట్లో కూడా ఇప్పుడు పిల్లి ఉందని చెప్పు.