ఆ తిరగవాత నాది కాదు

మొన్న మా మనవరాలికి అమ్మవారు పోసింది. ఒంటిమీద అక్కడక్కడ పొక్కులు, ఒక పూట జ్వరం, అంతే. ఆ పిల్ల మంచంమీద కూర్చుని ఫోను చూసుకుంటూ ఉండగానే వంటింట్లో మా కోడలు పప్పుకు తిరగవాత వేసింది, ఆవాలు చిటపటలాడినాయి, ఇంగువ వాసన ఇల్లంతా కమ్ముకుంది, ఎవరికీ అది తప్పనిపించలేదు. నేను మాత్రం గోడకు ఆనుకుని అట్లే నిలబడిపోయినాను.

మన వయసువాళ్లకు చెప్పనక్కరలేదు, మన చిన్నప్పుడు అమ్మవారు పోసిన ఇంట్లో గడపకు వేపమండలు కట్టినాక నూనె కాగకూడదు, తిరగవాత వాసన తగిలితే తల్లికి కోపం వస్తుందని రాగి అంబలి, చప్పిడి అన్నంతోనే ఇంటిల్లిపాదీ గడపాలి. ఈ అరవదేశంలో మా ఊరు పిక్కిలిలో, నాకు పదేళ్లప్పుడు, మొదట నాకే పోసింది. నాలుగు పొక్కులు లేచి ఎండిపోయినాయి, నేను మేకపిల్లలకు ఆకు వేస్తూ తిరుగుతున్నాను. తరువాత మా చెల్లెలికి పోసింది. దానికి కంటిరెప్పల లోపల, నాలుకమీద కూడా పొక్కులే. గుక్కెడు నీళ్లు దిగలేదు, ఊపిరి తీస్తే రొమ్ములో గురగురమనేది.

ఆ మధ్యాహ్నం ఎక్కడినుంచో ఆవాల వాసన వచ్చింది. అది మా వెనకింటివాళ్లది. మా ఇంట్లో పెత్తనమంతా చేసే మేనత్త మాత్రం నేరుగా నా వైపు తిరిగింది. "నీకు నాలుగు పొక్కులతో పోయిందే, దానికెందుకే ఇంత? నాలుక ఊరుకోక దొంగతనంగా తిరగవాత పెట్టుకుని తింటివి, తల్లి దానిమీద కోపం తీర్చుకుంటాంది!" నేను తేలికగా కోలుకోవడమే నా మీద సాక్ష్యమైంది. మా పొయ్యిలో బూడిద చల్లగా ఉంది, ఎవరైనా చెయ్యి పెట్టి చూసివుంటే తెలిసేది, ఒక్కరూ చూడలేదు.

తల్లికి తప్పు చెప్పుకొమ్మని, తడిబట్టలతో, చేతిలో వేపమండతో నన్ను పశువుల కొట్టంలో నిలబెట్టినారు. గోడ అవతల చెల్లెలి ఊపిరి వినబడుతూనే ఉంది. ధర్మపురి ఆస్పత్రికి తీసుకుపోతానని నాయన లేస్తే, తల్లి ఇంట్లో ఉండగా బిడ్డను గడప దాటిస్తావా అని అత్త వాకిట్లో అడ్డంగా కూర్చుంది. అమ్మ ఏడుస్తూ ఇద్దరి మధ్యా నిలబడింది. కాసేపటికి ఆ గురగుర ఆగిపోయింది. అది చచ్చిపోయిందనీ, చంపినది నేనేనని ఊరంతా అంటుందనీ అనుకున్నాను. అప్పుడు నాయన అత్తను పక్కకు తోసి, దుప్పటిలో చుట్టిన చెల్లెలిని భుజాన వేసుకుని బస్సు రోడ్డువైపు పరుగెత్తినాడు.

చెల్లెలు బతికింది. ఒక కన్ను మాత్రం మసకబారింది. దీని నాలుకే చెల్లెలి కన్ను తీసిందని మేనత్త తాను పోయేదాకా చెప్పింది, నా పెళ్లి పందిట్లో కూడా, మా అత్తగారికి వినబడేట్టుగా.

అందుకే మొన్న మనవరాలిని చూసిన డాక్టరమ్మను పట్టుబట్టి అడిగినాను, ఒకే ఇల్లు, ఒకే జబ్బు, ఎందుకిట్లా అని. ఆమె అరవంలో ఓపికగా చెప్పింది. ఒంట్లోకి వచ్చిన వైరస్‌ను కనిపెట్టి ఎదిరించే శక్తి కొంత జన్యువుల్లోనే ఉంటుందట, ఒక తల్లి పిల్లలకైనా అవి ఒకే తీరుగా రావట, అందుకే ఒకరికి నాలుగు పొక్కులతో పోయేది ఇంకొకరి ప్రాణం మీదికి రావచ్చునట. అదొక కారణం మాత్రమేననీ, మీ చెల్లెలి సంగతి ఇప్పుడు తేల్చలేమనీ అన్నది. వంట వాసన మాత్రం కాదులే అవ్వా అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి రాగానే కంబైనల్లూరులో ఉన్న చెల్లెలికి ఫోను చేసి అంతా చెప్పినాను. అది చివరిదాకా విని, మెత్తగా అన్నది: "పోనీలే అక్కా, చిన్నపిల్లవి, ఆకలేసి తిరగవాత పెట్టుకుంటివి. నేనెప్పుడన్నా నిన్ను ఒక మాట అన్నానా?"

ఫోను పెట్టేసినాను. ఇప్పుడు మా వైపు పిల్లలున్న ఇళ్లలో వేపమండలు కట్టేవాళ్లే తక్కువ, పొక్కులు కనబడితే ముందు ఆస్పత్రికే పోతారు, తిరగవాతకు భయపడేవాళ్లు లేరు. ఆ భయమంతా పోయింది. నా మీద పడిన మాట ఒక్కటే పోలేదు.